ఆ నలుపు మాది కాదు

1994 జనవరి 10, సోమవారం

పత్రిక నుంచి జవాబు వచ్చింది. మా వ్యాసం చదివిన ముగ్గురు పరీక్షకుల్లో ఇద్దరు మెచ్చుకున్నారు. మూడోవాడికి మాత్రం ఇంకా కడుపు నిండలేదు. "చంపిన రకం"తో కూడా ఇదే పరీక్ష చేసి చూపించాలట. అంటే మా కైనేజ్ అనే ప్రోటీన్‌లో ఫాస్ఫేట్‌ని పట్టుకునే జేబుని కావాలని మేమే చెడగొట్టి, ఆ చచ్చినదాన్ని బతికున్నదాని పక్కన పెట్టి ఫిల్మ్ తీయాలి. బతికున్నది ఫాస్ఫేట్ అంటిస్తుంది కాబట్టి అక్కడ నల్లచార రావాలి, చచ్చినచోట ఖాళీగా ఉండాలి. చచ్చినది కూడా నల్లగా వస్తే ఆ నలుపు మాది కాదు, ఇంకెవరిదో.

ఒళ్ళు మండింది. పందొమ్మిదేళ్ళుగా స్కాట్లండ్‌లో ఈ డండీ ల్యాబ్‌లో ఇదే బల్ల ముందు నిలబడుతున్నాను. పేరు కూడా చెప్పుకోని పెద్దమనిషి నాకు పాఠాలు చెబుతాడా!

ప్రొఫెసర్ లోరిమర్ కాగితాలు చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"చేసి పారెయ్ నినియన్. నాలుగైదు వారాల పని. వాడి నోరు మూతపడుతుంది."

"అవసరం లేదండీ. ఫిల్మ్ చూస్తే తెలియడం లేదా?"

"నాకు తెలుస్తోందయ్యా. వాడికి తెలియాలిగా."

సరే అన్నాను. రేపు మొదలుపెడతాను.

జనవరి 11

మొదలుపెట్టలేదు. ఫిల్మ్‌ని నల్లబరిచే రేడియోధార్మిక భాస్వరం పాతబడింది, కొత్తది వచ్చేవారం గాని రాదు. చంపిన రకం తయారు చేయడానికి భాస్వరంతో పనిలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అన్నీ ఒకేసారి చేతికొస్తే పని శుభ్రంగా ఉంటుంది.

జనవరి 16, ఆదివారం

ఆర్‌బ్రోత్ వెళ్ళొచ్చాను, సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. కోటు ఇంకా పొగవాసన కొడుతోంది. తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నామె లేచి వేరే సీటుకి పోయింది.

నేను వెళ్ళేసరికి ఐలీ వాళ్ళమ్మ నెట్టా స్వాంకీ పెరట్లో చేపలకి పొగపెట్టే పీపా దగ్గర ఉంది. హాడక్ చేపల్ని తోకలకి తాడు కట్టి జంటలు జంటలుగా వేలాడదీసి, పైన తడి గోనెపట్టా కప్పుతోంది. పొగకి కళ్ళు తుడుచుకుంటూ నన్ను చూసింది.

"ఏంటయ్యా నినియనూ, మా ఐలీ ప్రోటీన్ ఎలా ఉంది? తిండి తింటోందా?"

"బాగానే తింటోంది."

"నువ్వే తింటున్నట్టు లేవు. ఆ మెడ చూడు, నా పీపాలోంచి తీసినట్టుంది. లోపలికి పద."

వంటింటి కిటికీ అద్దానికి ఆ ఫిల్మ్ అలాగే అంటించి ఉంది. నవంబరులో మొదటిసారి చార వచ్చి ల్యాబ్‌లో కేకు కోసిన రోజు, నెట్టా కూడా వచ్చిందని, నేనే నకలు తీసిచ్చాను. ఎడమవైపు కాటుకలాంటి చార, అది కండల జబ్బులేని వాళ్ళది. కుడివైపు వెలిసిపోయిన చార, అది ఐలీది. పాలవాడి దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ కిటికీ ముందు నిలబెట్టి చూపిస్తుందట. పుస్తకాల్లో ఇది పనిచెయ్యదు, ఎప్పుడో చచ్చిందని రాసి పక్కన పడేసిన కైనేజ్ అది. దాన్ని బతికుందని చూపించింది నేను. ఆ కిటికీ దగ్గర నిలబడితే నాకు గర్వంగా ఉంటుంది, కాదని ఎందుకు రాయాలి?

ఐలీ ఈ మధ్య కుడివైపుకి ఇంకాస్త ఒరిగింది. పన్నెండేళ్ళ పిల్ల, చక్రాల కుర్చీలో మూడు దిళ్ళు దోపితే గాని నిటారుగా ఉండదు. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. రేడియోలో జాలర్ల కోసం సముద్రవాతావరణం చదివేవాడి గొంతు పెట్టి, ఒక్క ఊపిరిలో సముద్రాల పేర్లు వరసగా అప్పజెప్పింది. వైకింగ్, ఫోర్టీస్, క్రోమార్టీ, ఫోర్త్, టైన్, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్, హంబర్. అక్కడ ఆగి, "థేమ్స్ లండనోళ్ళది, మనకెందుకు మామా" అంది. డామినో బిళ్ళల ఆటలో దొంగాట ఆడి నన్ను ఓడించింది.

టీ తాగుతుంటే నెట్టా గొంతు తగ్గించి చెప్పింది.

"ఎడింబరో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వచ్చేనెల ఇరవై రెండున ఆపరేషనట."

"మంచిదేగా."

"ఏం మంచిది? మెడ దగ్గర్నుంచి నడుందాకా వీపు చీల్చి ఇనుపకడ్డీలు బిగిస్తారట. రేపు మీ మందొచ్చి కండలకి సత్తువ వస్తే వీపు దానంతటదే నిలబడదూ? అప్పుడా ఇనుమేం చేసుకోను, తూకానికి అమ్ముకోనా?"

"మందు సంగతి వేరు, ఆపరేషన్ సంగతి వేరు నెట్టా. వంపు పెరిగితే ఊపిరితిత్తులు నలిగిపోతాయి. ఊపిరి కొలత వాళ్ళు పెట్టుకున్న గీత కిందికి దిగిందంటే ఇక మత్తు కూడా ఇవ్వరు."

"వాళ్ళూ అదే చెప్పారు. మరి మీ మందు ఎప్పుడొస్తుంది?"

"ఏళ్ళు పట్టొచ్చు."

"పట్టొచ్చు అన్నావు, పడుతుంది అనలేదు. నీ పని మీద నీకు నమ్మకం లేదా ఏంటి?"

నీళ్ళు నమిలాను. చివరికి, ఉంది అన్నాను. అలా మొహం మీద అడిగితే ఇంకేం చెప్పను?

కైనేజ్ అంటే ఏంటో మొదటిసారి ఇదే వంటింట్లో చెప్పాను. ఒకచోటి ఫాస్ఫేట్ తీసి ఇంకోచోట అంటిస్తుందని, కణం లోపల కబురు అలాగే ఒకరి నుంచి ఒకరికి పోతుందని. "చేపల వేలంలో మోచేత్తో పొడిచి పక్కవాడికి సంగతి అందించినట్టా?" అంది నెట్టా. అంతే అన్నాను. ఐలీలో ఆ మోచెయ్యి బలహీనంగా ఉందని, దానికి బలమిచ్చే మందు దొరకొచ్చని కూడా నేనే అన్నాను. లోరిమర్ ఆ మాట అనలేదు.

జనవరి 20

ఇవాళా లేదు. చల్లగదిలో మోటారు చెడిపోయింది.

జనవరి 24

లేదు.

జనవరి 27

లోరిమర్ టీగదిలో అందరి ముందూ అడిగాడు. "చంపావా లేదా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మొదలుపెట్టానని చెప్పి, చెప్పాను కాబట్టి మధ్యాహ్నం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 8

నెట్టా ఫోన్ చేసింది. ఆపరేషన్ ఇప్పుడొద్దని ఎడింబరోకి చెప్పేసిందట. ఆ తేదీ ఇంకో పిల్లవాడికి ఇచ్చేశారట.

"గుండె మీద బరువు దిగిందయ్యా. మీ చేతుల్లో పెట్టేశాను, ఇక మీదే భారం" అంది.

"వాళ్ళు మళ్ళీ ఎప్పుడు చూస్తామన్నారు?"

"ఏప్రిల్లో. ఏం, అప్పటికి మీరేదో ఒకటి తేల్చరూ?"

ఏప్రిల్ అంటే దూరమేమీ కాదు. ఐలీ ఊపిరి బాగానే ఉంది, మొన్న హంబర్ దాకా చెప్పింది. ఈ ఆపరేషన్‌ని రెండు నెలలు వెనక్కి జరిపినవాళ్ళు చాలామందే ఉంటారు. చంపిన రకం ఖాళీగా వస్తే వ్యాసం అచ్చవుతుంది, మందుల కంపెనీవాళ్ళు మాట్లాడతారు. నేను నెట్టాకి అబద్ధమేమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 12

ఐలీకి జలుబు, దగ్గు.

ఫిబ్రవరి 18, శుక్రవారం

పొద్దున చీకటిగదిలో ఫిల్మ్ కడిగాను. ఎర్రదీపం కింద ముందు ఎడమవైపు చార తేలింది, బతికున్నది. బాగుంది అనుకున్నాను. కుడివైపు కూడా తేలడం మొదలైంది. ఇక్కడితో ఆగు, ఇక్కడితో ఆగు అని పైకే అన్నాను. అది నా మాట వినలేదు. రెండూ నల్లగా, కవలపిల్లల్లా, ఏది ఏదో తెలియకుండా వచ్చాయి.

ఫిల్మ్ తిరగేసి మళ్ళీ చూశాను.

గొట్టాలు తారుమారై ఉంటాయి. అంతే అయ్యుంటుంది. మొన్నటి నుంచి నిద్ర సరిగా లేదు.

ఫిబ్రవరి 23

మళ్ళీ రెండూ నల్లగానే. గొట్టాలేం తారుమారు కాలేదు, ఈసారి మూతల మీద రంగులు పూసి పెట్టాను. చంపిన రకం పూర్తిగా చావలేదేమో. జేబు చిరిగినా మూలన కాస్త పట్టు మిగిలి ఉండొచ్చు. అలా ఎక్కడా జరగలేదు గాని, జరగకూడదనీ లేదు.

లోరిమర్ అడిగాడు. "ఫిల్మ్‌లో మరక పడిందండీ, మళ్ళీ తీస్తున్నాను" అన్నాను.

ఐలీ దగ్గు ఛాతీలోకి దిగిందట. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

మార్చి 1, మంగళవారం

ఈసారి ప్రోటీన్‌ని ఉప్పు ఎక్కువ కలిపిన నీళ్ళతో కడిగాను. బతికున్నది, చంపినది, ఐలీది, మూడూ ఖాళీ.

నవంబరులో కూడా మొదటి రెండుసార్లూ ఉప్పు నీళ్ళతో కడిగితే ఫిల్మ్ ఖాళీగానే వచ్చింది. ఉప్పు ఎక్కువై పాపం మా ప్రోటీన్ చచ్చిపోతోందని నేనే తీర్మానించుకుని, ఆ రెండు ఫిల్మ్‌లూ పారేసి, ఉప్పు తగ్గించి మెత్తగా కడిగాను. మూడోసారి నల్లచార వచ్చింది. కేకు కోశాం. ఆ కథని ఎన్ని చోట్ల నవ్వుతూ చెప్పానో. నెట్టా వంటింట్లోనే నాలుగైదుసార్లు చెప్పి ఉంటాను.

మెత్తగా కడిగితే మురికి పోదు. మా ప్రోటీన్‌ని అంటుకుని ఇంకో కైనేజ్ గుట్టుగా వస్తోంది. ఫాస్ఫేట్ అంటించింది ఆ పొరుగువాడు, పేరు కట్టబెట్టింది మాదానికి. ఐలీ ప్రోటీన్ సరిగా మడతపడదు, తక్కువగా దొరుకుతుంది, దాని వెంట పొరుగువాడూ తక్కువే వచ్చాడు. అందుకని చార వెలిసింది. బలమివ్వడానికి అసలు మోచెయ్యే లేదు. పుస్తకాల్లో రాసిందే నిజం, అది చచ్చిందే. ఐలీ జబ్బు ఎందుకొచ్చిందో మాకేమీ తెలియదు.

ఈ పని జనవరిలో చేసుంటే ఫిబ్రవరి ఎనిమిదికి కాకపోయినా ఇరవై రెండుకైనా తెలిసేది.

మార్చి 3

లోరిమర్‌కి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళి నది వైపు తిరిగి నిలబడ్డాడు.

"వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రాసేస్తాను" అన్నాడు. "పోతే పోయిందిలే. నాకు అరవై మూడు, నాకేం కాదు. ఆ ఆర్‌బ్రోత్ ఆవిడ సంగతేమిటి?"

"ఆపరేషన్ వద్దని చెప్పేసిందండీ."

"ఎప్పుడు?"

"పోయిన నెలలో."

"మన మందు కోసమా?" నావైపు తిరిగాడు. "మన దగ్గర మందుందని ఎవరు చెప్పారయ్యా ఆవిడకి?"

ఆవిడకి సంగతి నేను చెప్పనా అని ఆయనే అడిగాడు. వద్దు, నేనే చెబుతానన్నాను.

మార్చి 5

ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. ఆదివారం వెళ్తాను.

మార్చి 6, ఆదివారం

మంచు. బస్సులు నడిచాయట. నేనే వెళ్ళలేదు.

జనవరిలో చేసుంటే ఫిబ్రవరి ఇరవై రెండుకైనా తెలిసేది. ఇది ముందు కూడా రాసుకున్నాను.

మార్చి 13, ఆదివారం

వెళ్ళాను.

ఐలీ పడుకుని ఉంది. కుర్చీలో కూర్చోబెడితే ఆయాసం వస్తోందట. నన్ను చూసి సముద్రాలు మొదలుపెట్టింది. టైన్ దగ్గర ఆగిపోయి, దగ్గి, "ఇవాళ్టికి అక్కడే లంగరు మామా" అంది. నవ్వాను. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

వంటింట్లో నెట్టా చేపల తలలు కోస్తోంది. కూర్చోకుండానే చెప్పేశాను. చంపిన రకం గురించి, ఉప్పు గురించి, పొరుగువాడి గురించి. కూర్చుంటే మళ్ళీ నీళ్ళు నములుతానని భయం. అంతా విని కత్తి పక్కన పెట్టింది.

"ఎన్నిసార్లు చేశావు?"

"మూడుసార్లు, నెట్టా."

"నవంబరులో రెండుసార్లు ఖాళీగా వచ్చిందన్నావు. పారేశావుగా. అప్పుడు పారేసినవాడివి ఇప్పుడు వీటినెందుకు పారెయ్యవు?"

"అప్పుడు పారెయ్యడమే తప్పు."

"అప్పుడు తప్పని ఎందుకనలేదు? కేకు తిన్నాం గదయ్యా అందరం! మీ ప్రొఫెసరు నాకు చెయ్యి కూడా కలిపాడు. ఇప్పుడేదో కడగడంలో తేడా వచ్చుంటుంది. మళ్ళీ చెయ్యి."

"ఎన్నిసార్లు చేసినా ఇదే వస్తుంది."

"మళ్ళీ చెయ్యవయ్యా!"

చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. చేపనెత్తురు నా చొక్కాకి అంటింది. "కనబడటం లేదా? నల్లగా లేదా ఇది? నాకు కనబడుతున్నది నీకు కనబడదా?" అని వేలుతో అద్దం మీద పొడుస్తోంది. నల్లగానే ఉంది. ఎవరైనా నల్లగానే ఉందంటారు. ముందు ఎడింబరోకి ఫోన్ చెయ్యమని, వెంటనే తేదీ అడగమని బతిమాలాను. అరవకు, పిల్ల వింటుంది అంది. నేను అరవడం లేదు, అరుస్తున్నది తనే.

మళ్ళీ చేస్తానని మాటిచ్చి వచ్చేశాను. అవును, మళ్ళీ చేస్తానని మాటిచ్చాను.

మార్చి 17

చేశాను. అంతే. రెండూ నల్లగా.

లోరిమర్ చూసి, "ఇదెందుకు మళ్ళీ?" అన్నాడు. ఆవిడ అడిగిందని చెప్పలేదు.

మార్చి 20, ఆదివారం

వెళ్ళడానికి మొహం చెల్లక ఫోన్ చేశాను.

"ఏమొచ్చింది?"

"అదే వచ్చింది నెట్టా. మా చేతిలో ఏమీ లేదు. మందు లేదు. ఎప్పటికైనా వస్తుందని కూడా చెప్పలేను. దయచేసి ఎడింబరోకి ఫోన్ చెయ్యి."

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"మరి ఆరోజు నువ్వంత ఎందుకు సంతోషించావయ్యా?" అంది. "నేను మీ ఫిల్మ్ చూసి నమ్మలేదు. నాకేం తెలుస్తుంది ఫిల్ములు? నీ మొహం చూసి నమ్మాను."

సోమవారం ఆసుపత్రికి ఫోన్ చేస్తానని తనే చెప్పి ఫోన్ పెట్టేసింది.

మార్చి 21

ఏప్రిల్ ఏడు కంటే ముందు కుదరదన్నారట. నెట్టా చెప్పిన తర్వాత నేను కూడా ఆసుపత్రికి ఫోన్ చేశాను. మీరు అమ్మాయికి ఏమవుతారు అని అడిగారు. ఏమీ కానని చెప్పాను.

మార్చి 29

ఏమీ రాయాలని లేదు. చల్లగదిలో పాత గొట్టాలన్నీ కడిగి పెట్టాను. కుందేలు కండ నుంచి వేరే కైనేజ్ తీస్తున్నవాళ్ళకి చెయ్యి సాయం చేశాను. ఆ కైనేజ్ నిజంగానే బతికుంది, వాళ్ళ ఫిల్మ్ అద్దంలా ఉంది. ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 3, ఈస్టర్

ఏడో తేదీకి ఊపిరి గీత పైన ఉంటే చాలు. కొద్దిగా పైన ఉన్నా చేస్తారు. జలుబు తగ్గి నెల దాటింది. పిల్లలు తొందరగా కోలుకుంటారు.

చర్చికి వెళ్ళాను. పదిహేనేళ్ళైంది వెళ్ళి.

ఏప్రిల్ 7, గురువారం

గీత కిందికి దిగింది.

ఊపిరి కొలిచే గొట్టంలోకి ఐలీ మూడుసార్లు ఊదిందట. మూడుసార్లూ దాదాపు ఒకటే వచ్చిందట. డాక్టర్ మంచివాడే, తన కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పాడట. ఇప్పుడు మత్తిస్తే పిల్ల లేవకపోవచ్చు, ఇక చెయ్యలేమని. మొన్న ఫిబ్రవరిలో అయితే చేసేవాళ్ళమని ఆయన అనలేదట. నెట్టాయే అడిగిందట. అప్పుడు అవునన్నాడట.

ఇదంతా నెట్టా ఫోన్‌లో ఏ తడబాటూ లేకుండా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది.

నాకు చేతనైంది ఒకటే పని, ఫాస్ఫేట్ ఎవరు ఎవరికి అంటిస్తున్నారో చూడటం. అది కూడా సరిగా చూడలేకపోయాను.

ఏప్రిల్ 11, సోమవారం

పదిన్నరకి అందరం టీగదిలో ఉండగా నెట్టా వచ్చింది. చేతిలో తాడు కట్టిన పొగచేపల జంట, కాగితంలో చుట్టి. ఎప్పటిలాగే బల్ల మీద పెట్టింది. గదంతా వాసన. ఎవరూ ముక్కు మూసుకోలేదు, ఎవరూ జోకు వెయ్యలేదు. లోరిమర్ లేచి తన కుర్చీ ఇచ్చాడు. వద్దని చెప్పి నన్ను బయట నడవలోకి పిలిచింది.

"ఆదివారం ఇంటికి రా."

"నేనా? ఐలీకి నా మొహం ఎలా చూపించను?"

"అదే అడుగుతోంది నిన్ను. మందెప్పుడొస్తుందని రోజూ నా ప్రాణం తీస్తోంది. నేను చెబితే నమ్మదు, నువ్వు చెబితే నమ్ముతుంది. వచ్చి చెప్పి పో."

"ఏం చెప్పమంటావు?"

"ఇదివరకు చెప్పినట్టే చెప్పు."

"నెట్టా, అది అబద్ధం."

"ఇదివరకు తెలియక చెప్పావు. ఇప్పుడు తెలిసి చెప్పు. నీకేం పోయింది?" అంది. టీగది తలుపు వైపు చూసింది. "దానికి ఇంకేమివ్వాలయ్యా నేను? నా దగ్గరేముంది? చేపలున్నాయి."

వస్తానన్నాను.

ఏప్రిల్ 17, ఆదివారం

వెళ్ళాను. కిటికీ అద్దం మీద ఫిల్మ్ లేదు, అంటించిన టేపు మరకలున్నాయి.

ఐలీ మంచం మీద డామినోలు పరిచింది. నెట్టా గుమ్మం దగ్గర నిలబడి తువ్వాలు మడతపెడుతూ ఉంది, ఒకే తువ్వాలు మళ్ళీ మళ్ళీ. నేను మొదలుపెట్టాను. పని బాగా సాగుతోందని చెప్పాను. ఒక మందు దొరికినట్టే ఉందని, ఇంకా ఎలుకల మీద చూడాలని, వచ్చే ఏడాది కాకపోతే ఆ పై ఏడాది వస్తుందని, ముందు కాళ్ళకి కాదు గాని ఛాతీకి సత్తువ వస్తుందని చెప్పాను. తడుముకోలేదు. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదేమో. మధ్యలో నెట్టా పీపా చూసొస్తానని పెరట్లోకి పోయింది.

ఐలీ ఒక డామినో తీసి చూసి, బోర్లా పెట్టేసింది.

"అమ్మ చెప్పమందా?"

"లేదు."

"సరేలే." కాసేపు ఊపిరి తీసుకుంది. మాటకీ మాటకీ మధ్య ఇప్పుడు ఆగుతోంది. "బాగా చెప్పావు మామా. ఎలుకల సంగతి బాగుంది. అమ్మ లోపలికి రాగానే మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

"ఎందుకు? ఇప్పుడేగా చెప్పాను."

"సగంలోనే వెళ్ళిపోయింది గదా. మొత్తం వినాలి. నువ్వు చెప్పినరోజు కాస్త నిద్రపోతుంది."

వెనక తలుపు చప్పుడైంది. నెట్టా చేతులు కడుక్కుని వచ్చి మంచం చివర కూర్చుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగ అంది. ఐలీ నావైపు చూసి, "అమ్మ వచ్చింది, ఊఁ, చెప్పు" అంది.

మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.